కట్టుటయు, కట్టనేర్పుటయు

మానవునకు పుట్టుకతో నబ్బిన కోరికలలో కట్టవలెనను కోరిక యొకటి. నడకయైన సరిగా రాని పసివాడు తడియిసుకలో పాదముంచి, దానిపై ఇసుక గప్పి, చేతితో మెత్తి, మెల్లగా పాదమును వెలికి దీసి పిచ్చుకగూడు కట్టును. గూడు నిలిచినచో సంతోషించును. కూలినచో నేడ్చి మఱల కట్టును. బాలికలు బొమ్మరిండ్లు కట్టి, వానిలో బొమ్మలకు పెండ్లి చేయుదురు. పెద్దలు "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని ఆ రెండు పనుల కష్టమును తలచి నిట్టూర్తురు. పిల్లలు మాత్రము ఆ రెంటిని ఒక్క సాయంకాలములో ముగించి, ఇంటికి పోయి అన్నము తిని హాయిగా నిద్రింతురు.

ఈ కోరికయే నేడు వీడియో ఆటలలో క్రొత్త రూపమున కనబడుచున్నది. స్వీడను దేశమున పుట్టి, 2011వ సంవత్సరమున సంపూర్ణరూపమున వెలువడిన మైన్‌క్రాఫ్ట్ అను ఆటను మీలో ననేకులు ఎఱుగుదురు. అందలి లోకమంతయు చదరపు దిమ్మలతో నిండియుండును. మన్ను ఒక దిమ్మ. రాయి ఒక దిమ్మ. కొయ్య ఒక దిమ్మ. వానిని తవ్వి తీసి, వేఱొక చోట పేర్చి, ఆటగాడు తనకిష్టమైనది కట్టుకొనవచ్చును. ఏమి కట్టవలెనో, ఎవరికొఱకు కట్టవలెనో ఆ యాటలో నెవరును చెప్పరు. అటుపిమ్మట జపాను దేశమున స్క్వేర్ ఎనిక్స్ సంస్థవారు అట్టి దిమ్మల కట్టడమునకు ఒక కథను జోడించి, 'డ్రాగన్ క్వెస్ట్ బిల్డర్స్' అను ఆటను 2016 జనవరి 28వ తేదీన వెలువరించిరి. దాని రెండవ భాగము 2018 డిసెంబరు 20వ తేదీన అచ్చటనే వెలువడి, మఱుసటి సంవత్సరము జూలై నెలలో ఇతర దేశములకు చేరినది. ఈ రెండు భాగముల నాడినవారి యభిప్రాయములు అనేక విషయములలో పొసగవు. ఒకరు మెచ్చిన దానినే మఱియొకరు తప్పు పట్టుదురు. ఆ భేదములను పరిశీలించినచో ఆటను గూర్చియే గాక, విద్య నేర్చుకొనుటను గూర్చియు కొన్ని సంగతులు బోధపడును. కావున వానిని మీ ముందుంచి, నా యభిప్రాయమును గూడ చెప్పదలచితిని.

ముందుగా ఆటలోని కథను సంగ్రహముగా తెలిసికొందము. 1986లో జపానులో 'డ్రాగన్ క్వెస్ట్' అను ఆట వెలువడెను. దానికి యూజీ హొరీ కథను కల్పించెను. అకిరా తొరియామా బొమ్మలు గీసెను. కోఇచి సుగియామా సంగీతము కూర్చెను. ఆటగాడు అందు వీరుని పాత్రను ధరించి, దేశమంతయు తిరిగి, తుదకు దుష్టుడగు డ్రాగన్ ప్రభువు నెదుర్కొనును. ఇట్లు ఒక పాత్రను ధరించి కథలో సంచరించు ఆటలను పాత్రధారణపు ఆటలందురు. కడపటి ఘట్టములో ఆ ప్రభువు వీరుని జూచి, తనతో చేతులు కలిపినచో ప్రపంచములో సగము నిత్తునని ఆశ చూపును. వీరుడు వలదన్నచో యుద్ధము జరుగును. సరేయన్నచో ఆట అంతటితో ముగియును.

ఆనాడు వీరుడు సరేయని యుండినచో ఆ లోకమేమగును? ఈ ప్రశ్ననుండియే 'బిల్డర్స్' మొదటి భాగము పుట్టినది. ఆలెఫ్‌గార్డ్ అను ఆ దేశము చీకటిలో మునుగును. అందలి జనులు నిర్మాణశక్తిని కోల్పోవుదురు. పాడుపడిన గోడల నడుమ కాలము గడుపుదురే గాని, రాతిపై రాతిని పేర్చి యొక యిల్లు కట్టుకొనవచ్చునన్న తలంపైన వారికి రాదు. అట్టి లోకములో కన్ను తెఱచిన ఒక నిర్మాతయే ఆటగాడు ధరించు పాత్ర. ఈ కల్పన చాల లోతైనది. రాజ్యము పోగొట్టుకొన్న ప్రజలు మఱల రాజ్యము సంపాదింతురు. ధనము పోగొట్టుకొన్నవారు మఱల గడింతురు. చేయనేర్పునే మఱచినవారి గతి యేమి? కథకుడు మన ముందుంచిన ప్రశ్న యిది.

ఇక ఆట నడచు విధము. మొదటి భాగములో నాలుగు వైపుల రెండు దిమ్మల యెత్తు గోడ పెట్టి, ఒక తలుపు నమర్చి, లోపల దీపముంచినచో అది గదియగును. పైకప్పు లేకున్నను బాధ లేదు. పఱుపులు పఱచినచో పడకగది. పొయ్యి మొదలగునవి యమర్చినచో వంటగది. గది సిద్ధమైన వెంటనే ఊరివారు అందులోనికి వచ్చి మెలగుదురు, రాత్రియైనచో నిద్రింతురు. ఒక్కొక్క అధ్యాయములో ఒక్కొక్క ఊరు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క బాధ. రిముల్దార్ అను ఊరిలో జనులు వ్యాధిగ్రస్తులై పడియుందురు. నిర్మాత వారికి పడకలు వేసి, మందులు చేసి, వైద్యశాల నెలకొల్పవలయును. ఇందు కట్టడమునకు ఒక ప్రయోజనమున్నది. ఆ ప్రయోజనమునకు ముఖమున్నది.

ఇచ్చటనే అభిప్రాయభేదము మొదలగుచున్నది. మొదటి పక్షమువా రిట్లందురు: "విశాలమైన మైదానములో దిమ్మలు చేతికిచ్చి నీ యిష్టము వచ్చినట్లు కట్టుమన్నచో మాకేమియు తోచదు. కొంతసేపు తవ్వి, ఒక పెట్టెవంటి యిల్లు కట్టి, విసుగు చెంది విడిచిపెట్టుదుము. ఈ యాటలో నట్లు కాదు. ఒకడు పడక కావలెననును. ఒకతె వంటశాల కావలెననును. వారు అడిగినది చేసియిచ్చినచో సంతోషింతురు. మాకు కట్టుటకు కారణము దొరకినది."

రెండవ పక్షమువారు దీనినే దోషముగా నెంతురు. "అడుగడుగున ఆజ్ఞలే. ఈ నిర్మాణపటమును చూచి ఇచ్చటనే, ఈ దిమ్మనే పెట్టుమందురు. ఒక్క దిమ్మ తప్పినను కట్టడము పూర్తియైనట్లు లెక్క కాదు. ఊరివారి సంభాషణములకు అంతు లేదు. రెండవ భాగములో మొదటి కొన్ని గంటలు పాఠము వినుటతోనే సరిపోవును. ఇది కట్టుట యెట్లగును? కూలిపని యగును గాని." ఇది వారి ఫిర్యాదు.

ఈ వాదము మనకు క్రొత్తది కాదు. ఛందస్సును గూర్చి మన సాహిత్యములో నిదే వాదము జరిగినది. కందపద్యమున కున్నన్ని నియమములు మఱే పద్యమునకైన కలవాయని విద్యార్థులు విసుగుకొందురు. గణములు నియతములు, ఆఱవ గణము నలమో జగణమో కావలయును, నాలుగు పాదములకు ప్రాస కుదురవలయును, రెండవ, నాలుగవ పాదములలో యతి చెల్లవలయును, ఆ పాదముల చివర గురువుండవలయును. అయినను కందము చెప్పినవాడే కవి యని లోకులందురు. నియమము చేయిని కట్టివేయును. అదే సమయమున చేయికి పనిని కూడ చూపును. ఏ మాట వేసినను చెల్లునన్నచో ఏ మాటయు తోచని బాలునికి, ప్రాసాక్షరమొకటి చూపి పాదము పూరింపుమన్నచో పది మాటలు స్ఫురించును. కావున మొదటి పక్షమువారి మాటలో సత్యమున్నది. ప్రారంభదశలో ఆజ్ఞ సంకెల కాదు, ఊతకఱ్ఱ.

అయితే ఊతకఱ్ఱకు ఒక కాలపరిమితి కలదు. గణములు కూర్చుట నేర్చినవాడు ఎల్లకాలము గురువిచ్చిన సమస్యలనే పూరించుచు కూర్చున్నచో కవి కాజాలడు. తనకు చెప్పవలసిన మాట యొకటి తన హృదయమున పుట్టవలయును. ఈ యాటలో మొదటి భాగమందే కథతో సంబంధములేని ఒక ప్రత్యేకస్థలము కలదు. రెండవ భాగములో ఒక దీవి, దాని పేరు మేలుకొలుపు దీవి యని చెప్పవచ్చును, ఆటగాని యధీనమున నుండును. ఇతర దీవులలో నేర్చినదంతయు నిచ్చట స్వేచ్ఛగా ప్రయోగింపవచ్చును. నలుగురు మిత్రులు కలిసి కట్టుటకు గూడ వీలున్నది. కథ ముగిసిన పిదప చాలమంది ఆట మానివేయుదురు. కొందఱు ఆ దీవిలో నెలలకొలది కోటలు, తోటలు, వీధులు కట్టుచుందురు. కథ వారికి నేర్పు నిచ్చినది. ఆ తరువాతి పని వారిది. ఆజ్ఞలు అధికమని ఫిర్యాదు చేసినవారు ఈ దీవిలో నేమి కట్టిరని నేనడుగుదును. కట్టియున్నచో వారి ఫిర్యాదు న్యాయమైనది. అచ్చట కూడ ఏమియు కట్టకున్నచో దోషము ఆజ్ఞలది కాదు.

రెండవ వివాదము మొదటి భాగమునకు సంబంధించినది. అందు ఒక అధ్యాయము ముగియగానే నిర్మాత తాను కట్టిన ఊరిని విడిచి, క్రొత్త ప్రదేశమునకు వట్టిచేతులతో పోవలయును. కాంట్లిన్ అను మొదటి ఊరిలో ఎంత చక్కని వీధులు తీర్చినను, రిముల్దారునకు వచ్చునప్పటికి వానిలో నొక్క దిమ్మయైన వెంట రాదు. ఇది పలువురకు మనస్తాపము కలిగించినది. "ఎట్లును విడువవలసినదే యైనచో శ్రద్ధగా కట్టనేల? పని జరుగుటకు చాలినంత కట్టి పోవుదుము" అని వారి వాదము. మఱికొందఱు "ప్రతి ఊరు క్రొత్తది, ప్రతి మాఱు ఆరంభించుటలోని ఉత్సాహము మాకు మఱల మఱల దొరకినది" అని సంతసించిరి.

ఈ విషయమున నా యభిప్రాయము రెండు పాళ్ళుగా నున్నది. కట్టిన ఊరిని విడిచిపోవుటలో నన్యాయము లేదు. ఊరు నిర్మాతది కాదు, అందు నివసించువారిది. తాపీమేస్త్రి తన జీవితకాలములో ఎన్నియో యిండ్లు కట్టును. గృహప్రవేశమునాడు భోజనము చేసి, తాంబూలము పుచ్చుకొని, పనిముట్లు సంచిలో వేసికొని వేఱొక వీధికి పోవును. తాను విడిచిపోవలసిన యిల్లే గదాయని అతడు గోడను వంకరగా పెట్టడు. విడువవలసినది కావున శ్రద్ధ యక్కఱలేదనుట మంచి పనివాని మాట కాదు. అయితే మొదటి భాగములో నిర్మాత ఊరినే గాక, నేర్చిన వస్తువుల తయారీ విధానములను గూడ మఱచిపోవును. దీనిని నేను సమర్థింపను. కట్టిన యింటిని మేస్త్రి విడుచును గాని, కట్టు విద్యను ఆ యింటి గడపలో విడిచి పోడు గదా! ఎనిమిదవ తరగతిలో చేరిన విద్యార్థిని ఏడవ తరగతి లెక్కలు మఱచి రమ్మన్నచో ఎంత యసంగతముగా నుండును! ఆటను చేసినవారు రెండవ భాగములో ఈ లోపమును చాలవఱకు సవరించిరి. ఒక్కొక్క దీవిలో పని ముగించి నిర్మాత తిరిగివచ్చునప్పుడు విద్యయు, కొందఱు మిత్రులును వెంట వత్తురు. కారణము చూపి చేసిన విమర్శ వ్యర్థము కాదనుటకు ఇది నిదర్శనము.

సుత్తులు, కత్తులు మొదటి భాగములో వాడగా వాడగా విఱుగుననియు, రెండవ భాగములో విఱుగవనియు, యుద్ధములు మిక్కిలి సులభములనియు మఱికొన్ని చర్చలు కలవు. అవి రుచిభేదములు. వానిలో మనము కాలము గడుపనక్కఱలేదు.

రెండవ భాగములోని కథను గూర్చి మాత్రము చెప్పవలసినది కలదు. హార్గన్ అను దుష్టుని యనుచరులు నిర్మాణము పాపమని ఊరూర బోధించుచుందురు, నిర్మాతలను బంధింతురు. కట్టినవానిని శిక్షింతురని జనులు భయపడి, చేతులు ముడుచుకొని యుందురు. వారి చెఱనుండి తప్పించుకొనిన నిర్మాతకు మల్‌రోత్ అను యువకుడు తోడగును. అతనికి తన పూర్వవృత్తాంతము జ్ఞప్తికి రాదు. బలశాలి, పగులగొట్టుటలో మేటి. ఒక్క దిమ్మను గూడ కట్టలేడు. ఎంత ప్రయత్నించినను చేత కాక లోలోపల కుములును. ఆటను మెచ్చినవారును, మెచ్చనివారును ఈ పాత్రను మాత్రము తఱచుగా ప్రశంసింతురు. ఏలయన నిర్మాతకు రాయి కావలెనన్న కొండను పగులగొట్టవలయును. కొయ్య కావలెనన్న చెట్టును పడగొట్టవలయును. మల్‌రోత్ పగులగొట్టినది నిర్మాత చేతిలో గోడయగును. విధ్వంసకుడని లోకము వెలివేయదగిన వానికి పక్కన నొక మిత్రుడుండి, "నీ బలముతో నాకు పనియున్నది" అనుటచేత వాని జీవితమునకు అర్థము కలుగుచున్నది. తరగతిలో పుస్తకములు చింపు బాలుడొకడు ఎప్పుడును ఉండును. వానిని వెలివేయుటకు ముందు వాని చేతికి తగిన పనిని చూపితిమా యని ఆలోచించుట మంచిది.

ఈ రెండవ భాగములో మఱియొక విశేషమున్నది. మొదటి భాగములో నిర్మాణభారమంతయు నిర్మాతదే. ఊరివారు కోరుదురు, అనుభవింతురు. రెండవ భాగములో నట్లు గాదు. ఫర్రోఫీల్డ్ అను పల్లెలో నేల చెడి పంటలు పండవు. ఒక వానపాము సాయమున నేల బాగుపడును. పల్లెవారు పొలములలో పనికి దిగుదురు. క్రమముగా వారే విత్తుదురు, వారే వండుదురు. పెద్ద కట్టడమునకు నిర్మాణపటమును పఱచి, సామగ్రిని పెట్టెలో నుంచినచో ఊరివారే వచ్చి దిమ్మలు పేర్తురు. నిన్నటిదాక కట్టుట పాపమని వణకిన చేతులు నేడు గోడ పెట్టుచున్నవి!

ఆటగాండ్రలో కొందఱికి ఇది నచ్చలేదు. "మేము కట్టవలసినది వారు కట్టినచో మాకేమి మిగులును?" అని వారడిగిరి. నా దృష్టిలో ఈ యాట కంతటికి ఇదియే తలమానికము. ఒక్కడే కట్టి యిచ్చిన ఊరు, ఆ యొక్కడు పోయిననాడు మఱల పాడగును. నిర్మాత పోయినను గోడ పడినచోట మఱల లేపగలవారున్న ఊరు నిలుచును. నేర్పెడివానికి నేర్చినవాడు మిగులును; అంతకన్న మిగులవలసినది లేదు. ఉపాధ్యాయవృత్తిలో తలనెఱసినవాడను కావున ఈ మాటను కొంత నమ్మకముతో చెప్పుచున్నాను. తాను నల్లబల్లపై లెక్క చేసి చూపినప్పుడు కాదు, వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థి తన పక్కవానికి అదే లెక్కను మెల్లగా వివరించుట చెవిని పడినప్పుడు ఉపాధ్యాయునికి నిజమైన సంతోషము కలుగును.

ఈ యాటలోని కట్టడము నిజమైన కట్టడము కాదని మీరనవచ్చును. అది నిజమే. అందు రాతికి బరువు లేదు. క్రిందిదానిని తీసివేసినను పైదిమ్మ గాలిలో నిలుచును. దారమునకు గుండు కట్టి గోడ నిటారుగా నున్నదో లేదో చూచుకొను మేస్త్రి విద్య అందులో నేర్వరాదు. వ్రేళ్ళకు సున్నపు ఘాటు తగులదు. కావున తెర ముందు గంటలకొలది కూర్చుండి ఇల్లు కట్టుట నేర్చితిమనుకొనుట పొరపాటు. అయినను పిచ్చుకగూటిలో పిచ్చుక కాపురముండదు. అంతమాత్రమున పసివాని ఆట వ్యర్థము కాలేదు. ఆటవలన గృహము రాదు గాని, గృహమును తలపెట్టు మనస్సు అలవడవచ్చును.

విద్యార్థులారా! ఆటనైనను, గ్రంథమునైనను గూర్చి అభిప్రాయము చెప్పునప్పుడు 'బాగున్నది', 'బాగులేదు' అని యూరకుండకుడు. అవి అభిప్రాయములు కావు. అభిప్రాయమునకు ముందు వచ్చు ధ్వనులు. ఏది బాగున్నది, ఎవరికి బాగున్నది, ఎందువలన బాగులేదు అని చెప్పగలిగిననాడే అది యితరులకు పనికివచ్చును. ఆజ్ఞలు మెచ్చినవాడును, మెచ్చనివాడును తమ కారణములు చెప్పుటవలననే మనము ఈ విచారణ చేయగలిగితిమి.

మీకును అనుదినము నిర్మాణపటములు చేతికి వచ్చుచున్నవి. పాఠము చివర ప్రశ్నలుండును. వానికి సమాధానములు అంగడిలో అచ్చై యమ్ముచున్నారు. ఉన్నదున్నట్లు పేర్చినచో మార్కులు వచ్చును. మొదట అట్లు నేర్చుకొనుటలో తప్పులేదు. కాని చుట్టును జూడుడు. మీ పాఠశాలలో ఒక మూల నీడలేని స్థలముండవచ్చును. మీ తరగతిలో చదువ వెనుకబడిన మిత్రుడుండవచ్చును. మీ యింట అక్షరములు రాని అవ్వ యుండవచ్చును. ఒక మొక్క నాటుట, ఒక పాఠము చెప్పుట, ఆమె పేరు ఆమెచే వ్రాయించుట, ఇవియు కట్టడములే. వీనిని కట్టుమని మిమ్ము నెవరు నాజ్ఞాపింపరు, పరీక్షలో నడుగరు. ఎవరి కేమి కావలెనో మీరే చూచి, మీరే మొదటి దిమ్మను పెట్టవలయును. ఆ పిమ్మట రెండవ దిమ్మను వారిచేత పెట్టింపుడు.